పురానాపూల్ గోడ మీద నా కొలత

పొడుగు మనుషులు చిన్న మోటార్లల్ల దూరం పోవాలనుకుంటె ఇది చదువుండ్రి. నా ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. గౌలిపురల మా ఇంటి దర్వాజకు రోజుకొక్కసారన్న నెత్తి కొట్టుకోకుంటె నాకు పొద్దు పోదు. మా అన్న యాదగిరిది గూడ ఇదే ఎత్తు, ఇద్దరం డ్రైవర్లమే. ఇది పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల ముచ్చట. అప్పటికి ఐదేండ్ల కింద అన్న పనికని పోయి మల్ల ఇంటికి రాలే. ఆయన మోటార్లు నడిపే నవాబు దేవిడీకి పోయి అడిగితె నౌకరి ఇడిసిపెట్టి బొంబాయి పోయిండన్నరు. బస్తీ అంత మా వదినె సత్తెమ్మ మీదికి ఏసింది, ఆమె నోటికి తాళలేకనే పారిపోయిండని. నేను అప్పుడు వరంగల్ దిక్కు లారీ నడుపుతుంటి, నేను గూడ సగం నమ్మిన. వదినె ఎవ్వరికి జవాబియ్యలే. రెండు బర్లను పెట్టుకొని ఇండ్లకు పాలు పోసుకుంట బతికింది. నేను ఎప్పుడు బండి తీసినా మాత్రం ఆ ఒక్క మాట అంటది: "తొవ్వల డ్రైవర్లు కలిస్తె మీ అన్న సంగతి అడుగు మల్లేశూ."

ఆ పొద్దు గూడ అదే మాట చెప్పి, చెంబెడు పాలు తాగించి తోలింది. షాలిబండల ఒక వకీల్ సాబ్ హర్రాజుల రెండు సీట్ల మోటారు కొన్నడు. పరుగు పందాల రకం, కొత్తగ పచ్చ రంగు ఏసిండ్రు, పైన కప్పు లేదు. మనిషి పొట్టి, నడపరాదు, అయినా సోకు మస్తు. "మూడు గంటలకు మలక్‌పేట గుర్రాల పందాల కాడ ఉండాలె. ఈ బండిల నువ్వు పట్టినవంటె నౌకరి నీదే" అన్నడు. ఎనిమిది గంటలకు ఎక్కి కూసున్న. కూసున్న అనుడెందుకు, ఇరుక్కున్న. మోకాళ్లు స్టీరింగుకు రెండు దిక్కుల లేచి గదుమకు తాకుతున్నయి. బ్రేకు మీద కాలు ఏస్తె తీసుడు రాదు. వకీల్ సాబ్ కడుపు పట్టుకొని నవ్విండు. ఆయన నవ్వుతుంటె నేను ముంగటి గాజు మీది చిన్న అద్దంల చూసిన. ఎనుక సడక్ మొత్తం సక్కగ కనవడ్తున్నది.

"అద్దం మీరు సర్దిన్రా సాబ్?" అని అడిగిన.

"ఎన్నిసార్లు వంచినా అది మల్ల పైకే పోతది. నేను కూసుంటె ఆకాశమే కనవడ్తది. ఏం అద్దమో ఏమో" అన్నడు ఆయన.

ఆ అద్దం నా కండ్లకే పెట్టినట్టున్నది.

సీట్లు కుట్టే మిస్త్రీ చాంద్ భాయ్ దుకాణం పురానాపూల్ దర్వాజ కాడ ఉంటది. ఖిల్వత్ మీదికెంచి హుస్సేనీ ఆలంల పడి పోతె ఇరువై నిమిషాల తొవ్వ, కాని నేను మోకాళ్లు బయటికి పెట్టుకొని నడిపిన గనుక ముప్పావు గంట పట్టింది. పెట్రోలు కూపన్ల మీద దొరికే కాలం, ఊకె ఆపి తీస్తె గిట్టదు, తొవ్వల పిల్లలు నవ్వినా ఆగలే. చాంద్ భాయ్ ముసలాయన, టాంగాల కూసునే మెత్తటి గద్దెల కాడికెంచి దొరల మోటార్ల దాక అన్ని కుడ్తడు. మజూరీ రెండున్నర రూపాయలు అన్నడు, నిజాం హాలీ సిక్కాల. "సీటు ఎనుకకు జరిపితె సరిపోదు బేటా, కిందికి గూడ దించాలె. గద్దె పల్సగ ఉండాలె, మడమ కింద చెక్క ముక్క కొట్టాలె. అప్పుడె మోకాలు స్టీరింగు కిందికెంచి పోతది." ఈ మాట ఏ పొడుగు మనిషైనా గుర్తు పెట్టుకోవాలె.

ఆయన కొలత తీసే తీరు వేరే. టేపు ముట్టడు. సున్నం గోడకు పక్కవాటుగ పీట మీద కూసోబెట్టి, కాళ్లు సాపమని, నెత్తి కాడికెంచి మడమ దాక జాజు ఎర్రమన్నుతోని గోడ మీద గీస్తడు. ఆ గోడ నిండ ఎర్ర గీతలల్ల కూసున్న మనుషులే. మొకాలు లేవు, పేర్లు లేవు, నడిపెటందుకు మోటార్లు లేవు. పగటి ఎండల గూడ ఆ గోడ దిక్కు చూడబుద్ధి కాలే. చాంద్ భాయ్ నా నెత్తి కాడ మొదలుపెట్టిండు, ఈపు, నడుము, మోకాలు. మోకాలి కాడ ఆయన చెయ్యి ఆగింది.

"లేచి చూడు" అన్నడు మెల్లగ.

లేచి చూసిన. నా గీత వేరేగ కనవడ్తలేదు. కింద ఎలిసిన పాత గీత ఒకటున్నది, నాది దాని మీదనే పడ్డది, వెంట్రుక తేడా లేకుంట.

"ఏటేట బక్రీదుకు సున్నం కొడ్త. అందరియి పోతయి. ఇదొక్కటే మల్ల పైకొస్తది" అన్నడు చాంద్ భాయ్. బండి కాడికి పోయి డ్రైవర్ సీటు ఇప్పి ఎత్తిండు. వైశాఖ మాసం, నెల రోజులసంది చినుకు లేదు, అయినా కిందికెంచి ఏటి బురద వాసన గుప్పుమన్నది. కింద పరిచిన చాప జరిపితె నాలుగు వేళ్లు ఎనుకకు బోల్టుల గుంతలు ఉన్నయి, సీసం పోసి మూసినయి. ముసలాయన వాటిని వేలితోని తడిమి కింద కూసున్నడు.

"ఇది నా చెయ్యే. రంగు మార్సిండ్రు గనుక గుర్తు పట్టలే. అప్పుడు ఎర్ర బండి."

"ఎవరికోసం చేసినవ్ చాచా?"

"నీ అసొంటోడే. దేవిడీ డ్రైవరు. పొద్దుగాల కొలత ఇచ్చిండు, సీటు జరిపిన, గద్దె రేపొచ్చి తీస్కపోత అన్నడు. ఆ పొద్దుమూకి వాన దంచింది, మూసీ పొంగింది. మూడోనాడు దేవిడీ మనుషులు ఎడ్లతోని బండిని గుంజుకొచ్చిండ్రు. సీట్ల దాక బురద. సీటు ముంగటికి జరుపు, గుంతలు మూసెయ్, నోరు గూడ మూస్కో అన్నరు. నేను మూస్కున్న బేటా."

అంటుంటె ఆయన కండ్లు నా మొకం మీదనే ఉన్నయి. "ఆ డ్రైవరు యాదగిరి, మా అన్న" అని చెప్పిన. చాంద్ భాయ్ లోపలికి పోయి, కొక్కానికి ఏలాడుతున్న పల్సని గద్దె ఒకటి దులిపి తెచ్చి నా చేతుల పెట్టిండు. కొత్తది కొత్తదే ఉన్నది, ఎవ్వరు కూసోలే.

సీసం తోడి, అవే గుంతలల్ల సీటు బిగిచ్చి, ఆ గద్దెనే ఏసిండు. పన్నెండున్నరకు పని అయ్యింది, మజూరీ తీస్కోలే. నేను ఎక్కి కూసున్న. మోకాళ్లు స్టీరింగు కింద సక్కగ వంగినయి, ఈపుకు గద్దె ఆనింది, బ్రేకు కాలికి అందింది. జిందగీల ఏ బండిల గూడ నాకు అంత ఆరాం కాలే. అబద్ధమెందుకు, భయమైంది. నా కింద ఇంకెవరో ముందుగాలనే కూసున్నట్టు అనిపించింది. మూసీ ఒడ్డు పొంటి పోతున్నంతసేపు నేను అద్దం దిక్కు చూడలే. వకీల్ సాబ్‌ను ఎక్కించుకొని దారుల్‌షిఫా, చంచల్‌గూడ మీదికెంచి రెండు ముప్పావుకు మలక్‌పేటల దించిన. ఆయన నా కాళ్ల దిక్కు చూసి "పట్టినవ్ గదా, నౌకరి నీదే" అన్నడు. ఏ గుర్రం గెలిచిందో నాకు తెల్వదు. రెండు గంటలు బండిలనే కూసొని ఏడ్చిన.

ఆ గద్దె ఒక్క రాత్రికి ఇంటికి తీస్కపోత అని వకీల్ సాబ్‌ను అడిగిన. పొద్దుమూకంగ పోతె వదినె బర్రెల కింద కూసొని పాలు పిండుతున్నది. చాంద్ భాయ్ చెప్పింది చెప్పిన, ఒక్క ముక్క దాయలే. ఆమె చేతులు కడుక్కొని గద్దెను తిరగేసింది. అడుగున నీలి బట్ట, ఒక కాడ దీపానికి కాలిన బొక్క కుట్టి ఉన్నది.

"ఇది నా కొంగు. పొద్దుగాల అడిగి చింపుకపోయిండు. బండి తుడుస్త అన్నడు" అన్నది. దాన్ని ఒళ్లె పెట్టుకున్నది. మల్ల అడిగింది: "పారిపోయెటోడు రేపటికి గద్దె కుట్టించుకుంటడా మల్లేశూ?"

కుట్టించుకోడు వదినె అన్న. ఆ మాట ఐదేండ్ల కిందనే నేను అనాల్సింది.

తెల్లారి పొద్దుగాల బస్తీ అంత వినంగ ఆ మాటనే నేను గట్టిగ చెప్పిన. గద్దెను వదినె ఇయ్యలేదు, వకీల్ సాబ్ బండికి చాంద్ భాయ్ అదే కొలతకు ఇంకోటి కుట్టిచ్చిండు. ఇప్పటికి గూడ నాకు ఆ రోజు సగం తీపి, సగం విషం. అన్న పారిపోలేదని తెలిసింది, అంటె ఇగ రాడని గూడ తెలిసింది. కొత్త గద్దె ఏసినంక మా ఇంటి ముంగటికెంచి నేను బండి తియ్యంగ వదినె పాల చెంబు ఇచ్చింది, అద్దం తుడిచింది, పైలం అన్నది. తొవ్వల అన్న సంగతి అడుగమని మాత్రం చెప్పలే. మల్ల ఎన్నడు చెప్పలే.

పొడుగు మనుషులకు నేను చెప్పేది ఒక్కటే. సీటు ఎంత ఎనుకకు జరుపుకుంటరో మీ ఇష్టం, కాని కొలత ఏ మిస్త్రీకి ఇచ్చిన్రో ఆ పేరు ఇంట్ల చెప్పి పోండ్రి.