ఎత్తు వచ్చినా దిగొద్దు

మా బైకు టాక్సీ స్టాండులో ఆయన్ని అందరం మేస్టారు అంటాం. బడి గుమ్మం తొక్కిన మనిషి కాడు. పాఠం చెప్పందే ఎవరినీ బండెక్కించుకోడు, అందుకని ఆ పేరు.

"మొదటిసారా?" అని అడుగుతాడు. అవునన్నారా, అయిపోయారే. హెల్మెట్ పట్టీ తనే బిగిస్తాడు. పాదాలు ఎక్కడ పెట్టాలో చూపిస్తాడు. మలుపులో తనతోపాటు ఒరగమంటాడు. చివర్న, "ఎత్తు వచ్చినా, బండి ఎంత మూలిగినా, నేను చెప్పేదాకా దిగొద్దు" అంటాడు. మేం పడీపడీ నవ్వేవాళ్లం. నడిచే బండి మీంచి ఎవరు దిగుతారండీ? ఈ చాదస్తంతో సగం బేరాలు చేజేతులా పోగొట్టుకునేవాడు.

ఆ రోజు పొద్దున ఒక పెద్దావిడ రొప్పుతూ వచ్చింది. పదింటికి భర్తకు కడుపు ఆపరేషను. లోపలికి తీసుకెళ్లేలోగా ఒక్కసారి ఆవిడ మొహం చూడాలని ఆయన పట్టుబట్టాడట. అప్పటికే తొమ్మిదిన్నర దాటింది. మేస్టారు తాపీగా పాఠం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

"అవతల ఆవిడ ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంటే మధ్యలో నీ సోదేంటి మేస్టారూ? రండమ్మా, నా బండెక్కండి."

"పట్టీ అన్నా బిగించు. ఎత్తు సంగతి చెప్పు," అన్నాడు మేస్టారు.

"నాకు కొత్తేం కాదు నాయనా. నలభై ఏళ్లు మా ఆయన సైకిలు వెనకే తిరిగాను," అంది ఆవిడ, హెల్మెట్ నెత్తిన బోర్లించుకుంటూ. ఆ మాటే చాలనుకున్నాను.

వంతెన ఎక్కేటప్పుడు ముందు లారీ పాకుతోంది. నాది ముసలి బండి, మొదటి గేరులో మూలగడం మొదలుపెట్టింది.

"పాపం, లాగలేకపోతున్నావు," అంది ఆవిడ.

మరుక్షణం వెనక బరువు తగ్గింది. బండి ఆపి చూస్తే ఆవిడ రోడ్డు మీద వెల్లకిలా పడి ఉంది. హెల్మెట్ ఎక్కడికో దొర్లిపోయింది.

మనసొప్పక మా వెనకే వచ్చాడట మేస్టారు. చొక్కా విప్పి మడిచి ఆవిడ తల కింద పెట్టాడు. నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది.

"మా ఆవిడా ఇలాగే దిగింది," అన్నాడు. "సైకిలున్నప్పుడు ఎత్తు వస్తే, నాకు బరువని దిగి నడిచేది. మోటారు బండి కొన్నరోజు దిగొద్దని చెప్పాలని నాకు తోచలేదు. ఆస్పత్రి దాకా కూడా బతకలేదు."

నా నోరు పడిపోను. ఇన్నేళ్లూ ఆ పాఠం విని నవ్వాను.

పెద్దాయన ఆపరేషను బాగానే జరిగింది. ఆవిడ అదే ఆస్పత్రిలో కింది అంతస్తులో ఉంది, ఇంకా కళ్లు తెరవలేదు. వాళ్లకు పిల్లల్లేరు, ఆయనకు కబురు చెప్పేవాళ్లూ లేరు. మర్నాడు నేనే వెళ్లి ఆయన మంచం పక్కన నిలబడ్డాను.

"మీ ఆవిడ నా బండి మీద వస్తూ, వంతెన మీద..." అన్నాను.

ఆయన కాసేపు నా చేతిలోని హెల్మెట్ వంక చూశాడు.

"ఎత్తు దగ్గర దిగిందా?" అని అడిగాడు.