ఇల్లు వెనక్కి నడపడం

టైలరు మాస్టరు నలభై ఏళ్లు కాలిమిషను తొక్కాడు. దుకాణం మూసేశాక ఊళ్లు తిరగాలన్న సరదా పుట్టి, ఇల్లులా మార్చిన పాత బస్సొకటి కొన్నాడు. లోపల మంచం, పొయ్యి, నిలబడితే మోచేతులు గోడలకు తగిలే స్నానాలగది. భార్యకు మాటమాత్రం చెప్పలేదు. బండి గుమ్మం ముందు ఆపి, ఆవిడ నోరెళ్లబెడితే చూడాలని ఆయన ముచ్చట.

లైసెన్సు ఆఫీసులో గుమాస్తా ఆ ముచ్చటకు గండికొట్టాడు.

"మీకున్నది కారు లైసెన్సు. ఇంత బరువు బండికి అది చెల్లదు. పెద్ద బండ్ల లైసెన్సు కావాలి."

"ఇది బండి కాదయ్యా, ఇల్లు."

"అయితే నడపకండి, కాపురం చెయ్యండి."

మాస్టరుకు పౌరుషం వచ్చింది. సూదిలో దారం ఎక్కించిన కళ్లు గనక కంటిపరీక్ష ఇట్టే దాటాడు. రాతపరీక్షా గట్టెక్కాడు. ఇక బండి వెనక్కి నడిపి చూపించాలి. కంగారులో పాదం పాత అలవాటు మీద పడింది. మిషను తొక్కినట్టు బ్రేకును టకటకా తొక్కాడు. బస్సు కుదుపులు కుదుపులుగా వెనక్కి పోయింది. అలమర తెరుచుకుని గిన్నెలన్నీ దొర్లుకుంటూ వచ్చి పరీక్షాధికారి కాళ్ల దగ్గర చేరాయి.

"మీరు నన్ను పరీక్షిస్తున్నారా?" అన్నాడాయన, ఒళ్లో పడిన మూకుడు పక్కన పెడుతూ.

గత్యంతరం లేక ఆ సాయంత్రం మాస్టరు భార్య దగ్గర నిజం కక్కేశాడు. ఆవిడ ఇరవై రెండేళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి.

"వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యికి ఊరంతా తిరిగారా! నన్ను అడిగితే ఏం పోయేదండీ?"

"నిన్ను ఆశ్చర్యపరుద్దామని..."

"ఆశ్చర్యపోయాన్లెండి. రేపు పొద్దున్నే మైదానానికి పదండి."

పది రోజులు ఆవిడ చెప్పినట్టల్లా విన్నాడు. "మడమ నేలకు ఆనించండి. అద్దం చూడండి. నన్ను కాదు, అద్దం!" అని కేకేస్తే, ఆవిడ బస్సెక్కిన పిల్లలెవరూ ఎందుకు అల్లరి చేయలేదో ఆయనకు బోధపడింది. మళ్లీ పరీక్షకు వెళ్లినప్పుడు అధికారి ముందుగా అలమరకు తాడు కట్టించాడు. మాస్టరు నెగ్గాడు.

మొదటి ప్రయాణంలోనే ఇరుకు వంతెన మీద ఎదురుగా లారీ వచ్చింది. మాస్టరు చేతిలో లైసెన్సుంది, గుండెలో ధైర్యం లేదు. లేచి భార్యకు సీటిచ్చాడు. ఆవిడ ఒక్క చేత్తో బస్సును వెనక్కి తీసి ఒడ్డున ఆపింది. లారీ డ్రైవరు దాటిపోతూ సలాం కొట్టాడు.

సలాం తనకే అనుకుని మాస్టరు హుందాగా చెయ్యూపాడు.