మిన్నీ మెడ మీద వాసన

2023లో సంగతి. ఆత్మకూరు బస్టాండు దగ్గర నేను పశువుల క్లినిక్ పెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. గొర్రెలు, గేదెలు వచ్చే చోటికి మెల్లగా పిల్లులు కూడా రావడం మొదలైంది. డిగ్రీ చదివే పిల్లలు బుట్టల్లో, కాలేజీ బ్యాగుల్లో పెట్టుకుని తెచ్చేవాళ్లు. ఆ ఏడు వాళ్లే పూనుకుని ఒక కల్యాణ మంటపంలో పిల్లుల పోటీ పెట్టారు. వచ్చిన ప్రతి పిల్లినీ పరీక్షించి లోపలికి పంపే పని నాకు అప్పగించారు.

నాకు అనుమానం ఎక్కువ. మా ఆయన దాన్ని జబ్బంటాడు. పశువు నోరు తెరిచి చెప్పదు, తీసుకొచ్చిన మనిషి సగమే చెబుతాడు. ఇక అనుమానించక ఏం చెయ్యాలి?

పోటీ రోజు పొద్దున మంటపంలో నేనింకా బల్ల సర్దుకుంటుండగానే ఒక అమ్మాయి బుట్టతో ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. పేరు దెబోరా, వరికుంటపాడు దగ్గర పల్లె. నాయన ఏసోబు గొర్రెలు కాస్తాడు. గొర్రెల దొడ్లో దొరికిన తెల్ల నాటు పిల్లికి దూదితో మేకపాలు పట్టి బతికించింది. దానికి మిన్నీ అని పేరు పెట్టింది. అంతకుముందు నెల్లూరు పోటీలో ఆ నాటు పిల్లే మొదటి బహుమతి కొట్టింది. రెండోది హర్షిత పర్షియన్ పిల్లికి వచ్చింది. హర్షితది చేజర్ల వైపు, పెద్ద రైతు కుటుంబం. ఇద్దరూ ఒకే హాస్టల్ గదిలో ఉండేవాళ్లు, ప్రాణ స్నేహితులు. పిల్లులు మాత్రం ఇళ్ల దగ్గరే పెరిగేవి.

"మేడం, నా పిల్లికి విషం పెట్టినారు! పేరు రాయించను పోతా బుట్ట దీని చేతికిచ్చినాను. వచ్చేలోపల ఇట్లయిపోయింది" అని దెబోరా తన వెనకే వచ్చిన హర్షితను చూపించింది.

"నాకేం ఖర్మే? ఒక్క బిస్కెట్టు పెట్టినాను, అంతే" అంది హర్షిత.

"చూసినారా మేడం? పెట్టినానని అదే చెప్తా ఉండాది!"

మిన్నీ చెవులు టపటపా అదురుతున్నాయి. చొంగ కారుతోంది. ఒళ్లంతా వణుకు. వీటిని మేము ట్రెమర్స్ అంటాం. ఇవి ముదిరితే ఫిట్స్, ఆ తర్వాత ప్రాణమే పోతుంది. వణుకు తగ్గే ఇంజెక్షన్ వెంటనే ఇచ్చాను. కానీ విషం కడుపులోకి పోయిందా, తోలు మీద పడిందా? దానికో వైద్యం, దీనికో వైద్యం. ఒకదానికి బదులు ఇంకోటి చేస్తే పిల్లి దక్కదు.

"నీ బ్యాగు తియ్యి" అన్నాను హర్షితతో. బిస్కెట్ల పొట్లం, దువ్వెన, సెల్ చార్జర్. బిస్కెట్టు విరిచి వాసన చూశాను. ఏమీ లేదు. అయినా నా చూపు ఆ పిల్ల చేతుల మీది నుంచి పోలేదు.

మిన్నీ మెడ దగ్గర ముక్కు పెట్టాను. పైన పోటీ కోసం పూసిన పౌడరు వాసన. దాని కింద నాకు బాగా తెలిసిన ఘాటు, గొర్రెల దొడ్లో వచ్చేది. పిడుదుల మందు! గొర్రెలకు, గేదెలకు ఒంటి మీద పిడుదులు పోవడానికి పూసే మందు అది. గొర్రె తట్టుకుంటుంది. పిల్లి కాలేయం దాన్ని అరిగించుకోలేదు. పైగా పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది.

"ఎవరింట్లో ఉంది పిడుదుల మందు?" అన్నాను.

"మా గేదెలకు ఉండాది మేడం" అంది హర్షిత, దాచకుండా.

"ఇంకేం కావాల!" అని దెబోరా ఫోను తీసి, పిల్లులు పెంచే పిల్లలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో హర్షిత పేరు పెట్టి రాసేసింది. తన ఇంట్లోనూ గొర్రెలున్నాయన్న మాటే ఆ పిల్లకు తట్టలేదు. నాకు తట్టింది. అడిగే తీరిక లేదు.

గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ తెప్పించాను. ఆ మందు జిడ్డుగా ఉంటుంది, మామూలు నీళ్లకు పోదు. దెబోరా ఏడుస్తూ పక్కకు జరిగింది. పిల్లిని పట్టుకున్నది హర్షితే. మిన్నీ ఆమె ముంజేతులు రక్తం వచ్చేలా గీరేసింది. "కడగండి మేడం, నేను వదలను" అంది. తప్పు చేసిన మనిషి సాక్ష్యం కడిగేసుకుంటోందా అని అప్పుడూ నాకు అనుమానమే!

"మీ నాయనకు ఫోన్ చెయ్యి, స్పీకర్ పెట్టు" అన్నాను దెబోరాతో.

"నాయనా, మిన్నీ చచ్చిపోతా ఉండాది. ఎవరో విషం పెట్టినారు!"

"విషమేందమ్మా? పొద్దున నువ్వు ఇంట్లోనుంచి బయల్దేరేటప్పుడు బాగనే ఉండాది గదా. మెడ గోక్కుంటా ఉంటే నేనే మన పిడుదుల మందు గుడ్డతో తుడిచినాను. నువ్వు తల దువ్వుకుంటా ఉంటివి. పోటీలో గోక్కుంటే మార్కులు తగ్గిస్తారేమో అని..." ఏసోబు ఆగాడు. "అది పిల్లికి పడదా తల్లీ?"

ఆ పిల్లిని ఎప్పుడూ పాలు దండగ అని తిట్టే మనిషి! దెబోరా ఫోను కట్ చేసి హర్షిత వైపు తిరిగింది. హర్షిత మాత్రం తలెత్తకుండా నురగ కడుగుతూనే ఉంది.

మధ్యాహ్నానికి వణుకు తగ్గింది, సాయంత్రానికి మిన్నీ పాలు తాగింది. "నన్ను మన్నించవే" అని దెబోరా చెయ్యి పట్టుకోబోతే, హర్షిత గీతలు పడ్డ చేతులు వెనక్కు తీసుకుంది. "పిల్లి బతికింది, చాలు" అని తన పర్షియన్ బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

తర్వాత టీకాకు దెబోరా ఒక్కతే వచ్చింది. హాస్టల్లో హర్షిత గది మార్చుకుందట, ఫోన్ ఎత్తడం లేదట. వాట్సాప్‌లో రాసింది తీసేసి క్షమాపణ పెట్టానంది. అప్పటికే అందరూ చదివేశారు.

ఇప్పుడు ఎవరైనా "విషం పెట్టారు మేడం" అని వస్తే, ఎవరి మీద అనుమానమని అడగను. "దీనికి మేలు జరగాలని మీ ఇంట్లో ఎవరేం పూశారు, ఏం పట్టారు?" అని అడుగుతాను. పిల్లలు తెల్లబోయి చూస్తారు. పేరేదైనా చెప్పబోతే ఆగమని, ముందు పిల్లి మెడ వాసన చూస్తాను.