కడ్డీ లేని సైకిలు

పోయిన వారం మహబూబ్‌నగర్ బస్టాండు నుంచి ఇంటికి వస్తూ ఆటో ఎక్కాను. వెనక సీటంతా అప్పటికే నిండిపోయింది. డ్రైవరు తన సీటు పక్కనున్న సన్నని ఇనుప కడ్డీ చూపించి, "జర సదురుకో అవ్వా, ఇట్ల ఎక్కి అట్ల దిగుతవ్" అన్నాడు. ఒంటి నిండా కీళ్ల నొప్పులే గాని, బెట్టు చేసే వయసు దాటిపోయింది గదా అని కూర్చున్నాను. గుంట వచ్చినప్పుడల్లా కడ్డీ తొడ కింద ఒరుసుకుంటున్నది. హ్యాండిలు తిప్పినప్పుడల్లా ఆ పిల్లవాడి మోచెయ్యి నా భుజానికి తాకి పోతున్నది. నొప్పుల సంగతే మరిచిపోయాను. రాజమ్మక్క గుర్తొచ్చింది. ఇంటికి వచ్చి మంచినీళ్లు తాగి కాగితాలు ముందేసుకున్నాను. ఆమెను ఎరిగిన వాళ్లు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. నేనైనా చెప్పకపోతే ఎట్లా అని ఇది రాస్తున్నాను.

రాజమ్మక్క ఆత్మకూరు దగ్గరి ఒక పల్లెలో సర్కారు నర్సు. అరవైల మొదట్లో నన్ను ఆమె కింద మిడ్‌వైఫుగా వేశారు. మాది నారాయణపేట, నేతపని ఇల్లు. పెళ్లైన కొన్నాళ్లకే నా మొగుడు ఇంకొక పిల్లను తెచ్చుకొని, నన్ను మా వాకిట్లో దింపి పోయాడు. పోయేముందు మా బాపుతో వానల గురించి మాట్లాడి, చాయ తాగి మరీ పోయాడు, పెద్దమనిషి. ఆ తర్వాత మా ఇంట్లో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. నిజానికి నాతో మాట్లాడటమే తగ్గించారు. నేను లోపలికి వస్తే మాటలు ఆగిపోయేవి, మగ్గం చప్పుడొక్కటే వినపడేది. మా బాపు వాళ్లనూ వీళ్లనూ బతిమాలి నన్ను కాన్పులు చేసే ట్రెయినింగుకు పంపించాడు. మంచికే పంపాడు గాని, బస్సెక్కిస్తున్నప్పుడు ఆయన మొహంలో కనపడిన నిమ్మళాన్ని నేను మరిచిపోలేదు.

పల్లె చేరే బాట దగ్గర బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నమైంది. రోడ్డు పక్కన ఒకామె మగవాళ్ల సైకిలు పట్టుకొని నిలబడి ఉంది. పొడుగ్గా, బక్కగా, యాభై దాటిన మనిషి. కట్టింది సర్కారు తెల్లచీరే గాని, దాన్ని పొలం పనికి పోయే అవ్వలలాగా గోచీ పోసి బిగించింది. మాలాంటి పేట పిల్లలం అప్పటికే కుచ్చిళ్లలోకి మారిపోయి, గోచీ కట్టు చూస్తే నవ్వేవాళ్లం. ఆమెను చూసి నవ్వడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు.

"యశోదవు నువ్వేనా?"

"అవునమ్మా."

"అమ్మ ఏంది? అక్కా అను. ఎక్కు."

ఎక్కడ ఎక్కాలో తెలియలేదు. వెనక క్యారియరు మీద కాన్పుల సామాను పెట్టె తాళ్లతో బిగించి ఉంది. ఆమె సీటుకూ హ్యాండిలుకూ నడుమనున్న కడ్డీ చూపించింది. చిన్నపిల్లలను కూర్చోబెట్టుకొనే చోటు అది. నాకా, ఇరవై దాటాయి.

"పడ్తనేమో అక్కా."

"పడితే ఇద్దరం పడ్తం. కూసో."

కూర్చున్నాను. ఆమె చేతులు రెండూ నాకు అటూ ఇటూ వచ్చి హ్యాండిలు పట్టుకున్నాయి. దవాఖాన సబ్బు వాసన, వక్కపొడి వాసన కలిసి వస్తున్నాయి. బాట ఎత్తెక్కి చడావు వచ్చినప్పుడు ఆమె ఊపిరి నా మెడ మీద వేడిగా తగిలేది. నా మొగుడు దింపి పోయిన నాటి నుంచి ఒక మనిషి నన్ను అంత దగ్గరగా పెట్టుకోవడం అదే మొదలు. మా అమ్మ కూడా పెట్టుకోలేదు. ఆ ఎండలో, ఆ మొరం బాట మీద, నేను చప్పుడు కాకుండా ఏడ్చాను. ఆమెకు తెలిసే ఉంటుంది, ఏమీ అడగలేదు. "గా కనపడేదే మన ఊరు" అని మాత్రం అన్నది.

ఆ తర్వాత మేమిద్దరం అట్లాగే తిరిగాం. జొన్నచేల నడుమ, పల్లికాయ చేల గట్ల మీద, వాగుల్లో దిగి నడుస్తూ, మళ్లీ ఎక్కుతూ. ముందు నేను, నడుమ ఆమె, వెనక పెట్టె. సైకిలు మీద అట్లా కూర్చుంటే ఒకరి మొహం ఒకరికి కనపడదు. మొహం కనపడకపోతే మనిషి ఎంత సులువుగా మాట్లాడుతుందో నాకు అప్పుడే తెలిసింది. నా మొగుడి సంగతి మొదటిసారి నోరు తెరిచి చెప్పింది ఆ కడ్డీ మీద కూర్చొనే. అంతా విని రాజమ్మక్క, "చాయల శక్కర ఏసిండ్రా మీవోళ్లు?" అని అడిగింది. "ఏసిండ్రక్కా" అన్నాను. "ఉత్తగ కరాబైంది శక్కర" అన్నది. నేను నవ్వలేక నవ్వలేక నవ్వాను, సైకిలు ఊగిపోయింది.

తన సంగతులు మాత్రం ఆమె చెప్పేది కాదు. నేను విడిచిపెట్టే రకం కాదు.

"ఈ సైకిలు ఎవలిదక్కా?"

"నాదే."

"నీ దగ్గరికి రాకముందు?"

"దుకాణంలోనిది."

అంతటితో సరి. మొగుడో, అన్నో, ఎవరో ఇచ్చి ఉంటారని ఊళ్లో అనుకొనేవాళ్లు. ఆమె కొనుక్కున్నదంటే నమ్మబుద్ధి అయ్యేది కాదు వాళ్లకు. ఒకసారి పటేలు అరుగు మీద నుంచి, "నర్సమ్మా, మొగ సైకిలు తొక్కుతున్నవు, సిగ్గనిపియ్యదా" అని ఎకసెక్కెమాడాడు. "గాలి కొడితే నడుస్తది పటేలా, దానికి తెల్వదు నేను ఎవలినో" అని దిగకుండానే సాగిపోయింది.

రెండో ఏడు వానాకాలంలో ఆ సైకిలు ఫ్రేము పగిలింది. వాగు దిగుతుంటే హ్యాండిలు కింద కిర్రుమన్నది. దిగి చూస్తే, ముందు కడ్డీ మెడకు అతికే చోట వెంట్రుకంత పగులు. ఆత్మకూరు దాకా సైకిలును నడిపించుకొని పోయాం. అక్కడ సైకిల్ టాక్సీ అనే కిరాయి సైకిళ్ల దుకాణం నడిపే ఖాజామియా మా సైకిలుకు ఎప్పుడూ మరమ్మతు చేసేవాడు. కిరాయి సైకిళ్లు వరసగా పెట్టుకొని, వాటి వెనక గోనె పరుచుకొని పని చేసేవాడు. పగులు మీద గోటితో గీకి చూశాడు.

"వెల్డింగ్ పెడ్త నర్సమ్మా, గని ఒక్కలికే ఆగుతది. ఇద్దరెక్కితే మల్ల ఇరుగుతది. ఫ్రేమే మార్సుకోండ్రి. చక్రాలు, చైను, హ్యాండిలు అన్ని మంచిగున్నయి, కొత్తదానికి ఎక్కిస్త."

అతని దగ్గర గోడకు రెండు ఫ్రేములు వేలాడుతున్నాయి. ఒకటి మా దానిలాంటిదే, నిగనిగలాడుతున్న నలుపు. రెండోది ఆడవాళ్ల సైకిలుది. కడ్డీ ఉండాల్సిన చోట వంగి కిందికి దిగిపోయి ఉంది. ఎవరూ కొనక దాని మీద దుమ్ము పేరుకుంది. నేను ఆలోచించే పని పెట్టుకోకుండా నల్ల ఫ్రేము మీద చెయ్యి వేసి, "ఇదే తీసుకుందం అక్కా" అన్నాను. రాజమ్మక్క రెండింటినీ చూసింది. "సోంచాయించి చెప్త" అని బయటికి వచ్చింది.

ఆ ఆలోచన చాలా రోజులు సాగింది. అన్ని రోజులూ పెట్టె నెత్తిన పెట్టుకొని ఊళ్లకు నడిచే పోయాం. నేను ఆమె నోట సరేననిపించాలని దారి పొడుగునా వాదించేదాన్ని. ఆమె తన మోకాళ్లు కాలెత్తి దాటనిస్తలేవన్నది. బండ పక్కన ఆపి ఎక్కుదువులే అన్నాను. రాబోయే నర్సు పిల్లలు గోచీ కట్టరు, ఆ సైకిలు ఎట్ల ఎక్కుతారన్నది. వాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారన్నాను. కడ్డీ లేకుంటే ఫ్రేముకు బలముండదన్నాను, నాకేదో తెలిసినట్టు. చివరికి ఒకనాడు పొద్దున ఆమె పెట్టె దించి, గట్టు మీద కూర్చొని, నా మొహంలోకి చూసింది.

"ఇవన్ని ఎందుకు పిల్లా. కడ్డీ లేకుంటే నేను యాడ కూసోవాలె అని అడుగు."

నేను దించిన పెట్టెను మళ్లీ నెత్తికెత్తుకోబోయాను.

"దసర ఎల్లినంక నన్ను కొల్లాపూర్‌కు మారుస్తుండ్రు. ఈ ఊర్లన్ని నీకే ఇడిసిపెడుతుండ్రు. సైకిలు గూడ నీకే ఇడిసిపెట్టిపోత. గది నువ్వు తొక్కే సైకిలు కావాలె."

నాకు కోపం వచ్చింది. భయం అనాలి గాని అప్పుడది కోపం లాగే ఉండింది. నన్ను వాకిట్లో దింపి పోయేవాళ్ల లెక్కలో ఇంకొకరు చేరారనుకున్నాను. ఆ మాటే అనేశాను. "నువ్వు గూడ దింపి పోతున్నవు గద" అన్నాను. ఆమెకు తగలాలనే అన్నాను. తగిలింది. కొంగుతో మొహం తుడుచుకున్నది.

"నాకు మాత్రం మంచిగుంటదా? గిన్నేండ్లు ఒక్కదాన్నే తొక్కిన. నువ్వొచ్చినంక ముందల బరువుంటే చెయ్యి నిలుస్తదని తెలిసింది. గని గా కడ్డీ ఉన్నన్ని రోజులు నువ్వు హ్యాండిలు పట్టవు యశోదా. నేనూ పట్టనియ్య."

ఆమె తన గురించి నాతో చెప్పిన మాటలు అవే. మర్నాడు ఖాజామియా ఆ దుమ్ము పట్టిన ఫ్రేము దించి తుడిచి, మా చక్రాలు దానికి ఎక్కించాడు. నేను కిరాయి సైకిళ్ల వరస దగ్గర నిలబడి అటు చూడనే లేదు.

నేర్చుకోవడం గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. పల్లి తీసేసిన ఎర్రచేను ఒకటి ఊరి బయట ఖాళీగా ఉండేది. రాజమ్మక్క ఆ చివర రాయి మీద కూర్చొని, "రా" అనేది. "జర పట్టుకో అక్కా" అంటే వినేది కాదు. "పట్టుకుంటే నువ్వు నా చేతి మీద ఆనుతవు, సైకిలు మీద ఆనవు" అనేది. పడ్డాను, మోచేతులు పగిలాయి. కుచ్చిళ్లు చైనులో పడి చిరిగాయి. చేలో మేకలు కాసే ఆడవాళ్లు నా పాట్లు చూసి ముసిముసిగా నవ్వుకొనేవాళ్లు. ఒకనాటికి పడకుండా ఆ రాయి దాకా పోయాను. ఆమె లేచి, "ఆపుడు గూడ నేర్చుకో" అన్నది. మెచ్చుకోలు అంతే. నేను అప్పటికీ అలిగే ఉన్నాను, నవ్వలేదు.

దసరా వెళ్లింది. ఆమె కొల్లాపూర్ బస్సు ఎక్కే రోజున నేను సైకిలు నడిపించుకొని, దాని మీద ఆమె ట్రంకు పెట్టుకొని రోడ్డు దాకా వచ్చాను. బస్సు కోసం నిలబడ్డంతసేపూ ఆమె పెట్టెలో ఏయే మందులు అయిపోయాయో చెబుతూనే ఉంది. బస్సు వచ్చాక నా తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా ఉండింది. బస్సు పోయాక నేను సైకిలెక్కకుండా ఊరి దాకా నడిచే వచ్చాను. నా గది తలుపు తీస్తే ఒకటే మంచం, ఒకటే చెంబు. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

వారం తిరక్కముందే ఒక గొర్లకాపరి పరుగెత్తుకొచ్చాడు. వాగవతల మందలో అతని భార్యకు నొప్పులు మొదలయ్యాయి. "నర్సమ్మ లేదా" అని నా వెనకకు చూశాడు. నేను కూడా అలవాటుగా వెనకకు చూశాను. ఆ క్షణంలో రానని చెప్పేదాన్నే. అయినా పెట్టె తాళ్లు బిగించి, సైకిలెక్కి, అతని వెంట పోయాను. గుడిసెలో ఆ పిల్ల చాలాసేపు కష్టపడింది. బిడ్డ పుట్టింది గాని ఏడవలేదు. నోట్లో నెమ్ము తీసి, కాళ్లు పట్టి వీపు మీద చరిచాను. ఏమీ లేదు. మళ్లీ చరిచాను. అప్పుడు సన్నగా పిల్లి కూనలాగా ఒక ఏడుపు వచ్చింది. ఆడపిల్ల. బయటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే ఆ ఇంటి ముసలామె పాలు తెచ్చిచ్చి, "ఒక్కదానివే వచ్చినవా బిడ్డా?" అని అడిగింది. "ఒక్కదాన్నే అవ్వా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

తిరిగి వస్తుంటే ఎండ దిగుతున్నది. బాట మీద మనిషి లేడు. అంత పెద్ద సంగతి జరిగింది, చెప్పుకోవడానికి ఎవరూ లేరు. గదికి పోయినా ఉండరు. నా లోపల అది పట్టలేదు. తొక్కుతూనే గట్టిగా, "అక్కా, ఆడపిల్ల. బాగున్నది" అన్నాను. ఎవరన్నా వింటే పిచ్చిదనుకుంటారని అటూ ఇటూ చూసుకున్నాను. అయినా నోరు ఊరుకోలేదు, ఊరు వచ్చేదాకా జరిగిందంతా చెప్పాను. అది అలవాటైంది. పుట్టినవాళ్ల సంగతి, దక్కని వాళ్ల సంగతి, మా బాపు పోయిన సంగతి, నా మొగుడు తిరిగి వచ్చి వాకిట్లో నిలబడితే చాయ పోసి పంపించిన సంగతి, అన్నీ ఆమెకే చెప్పుకున్నాను. సైకిలు పోయి ఎన్నో ఏళ్లయినా, ఒంటరిగా నడుస్తుంటే నా పెదవులు ఇంకా కదులుతుంటాయి. మళ్లీ కలవడం మాత్రం పడలేదు. పని, దూరం, ఇద్దరికీ ఉన్న మొండితనం.

ఆమె లేదన్న కబురు టీకాలు వేయడానికి కొల్లాపూర్ వైపు నుంచి వచ్చిన ఒకతను తెచ్చాడు. నేనిచ్చిన చాయ తాగి గ్లాసు కింద పెడుతూ, "మీ పెద్ద నర్సు ఎండకాలంలనే పోయింది గద, మీకు తెల్వదా" అన్నాడు. తెలుసని తలూపాను. అతను వెళ్లాక పెట్టె కట్టుకొని, పక్క ఊళ్లో బాలింతను చూడటానికి బయలుదేరాను. చేలు దాటి, మనుషుల అలికిడి లేని చోటికి వచ్చాక నా నోరు ఎప్పటిలాగే తెరుచుకున్నది. "అక్కా, రాజమ్మక్క పోయిందంట" అన్నాను.