నా బిడ్డకు మాట ఇచ్చి, నా నోరు మూయించిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ముసలోడు మైకు పట్టిండంటే ఇడువడని మీరు గునుగుడు నాకు ఇనవడుతనే ఉన్నది, కని ఇయ్యాల తొందరగనే కూసుంట, ఎందుకో ఆఖర్ల చెప్త.

నా బిడ్డ కరుణ మీకు తెల్వంది కాదు. ముప్పై రెండేండ్లు, అంగన్వాడీ టీచరు, ఇదే మందిరంల ప్రతి ఆదివారం నిలవడి వాక్యం సదివేది. పోయిన ఏడు వరికోతలప్పుడు దౌల్తాబాద్ దిక్కు నుంచి స్కూటీ మీద వస్తుంటే, రోడ్డు మీద సగం దాక వడ్లు ఆరబోసి, వాటి మీదికి బండ్లు రాకుంట అంచుకు రాళ్ళు పెడుతరు చూడున్రి, గా రాయి తగిలి పడ్డది, తలకాయ లోపల నెత్తురు గడ్డ కట్టింది. వడ్లు ఎత్తుకపోయినోడు రాయి తియ్యలె! ప్రభువు క్షమించుమన్నడు గనుక క్షమించిన, గని గది తప్పేనని ఎక్కడ మైకు దొరికితే అక్కడ చెప్త.

పట్నంల దవాఖానల తలకు ఆపరేషన్ చేసిన్రు. పన్నెండు రోజులు కండ్లు తెరువలె. తెరిచినంక మనిషిని గుర్తు పడుతది గని నోట మాట లేదు. అప్పుడు మనోళ్ళే కొందరు, ఇంట్ల ఏదో పాపం దాగుండి ఉంటదన్నరు. గా మాట అన్నోళ్ళు ఇయ్యాల రెండో వరుసల కూసున్నరు, పేర్లు చెప్ప, వాళ్ళకు తెలుసు! నేను దవాఖాన వరండల మోకాళ్ళ మీద పడి, "ప్రభువా, నా బిడ్డ నోట్ల ఒక్క మాట పెట్టు, కావాల్నంటే నా నోరు మూసెయ్యి" అని ఏడ్సిన. ఈ ప్రార్థన యాది పెట్టుకోన్రి.

ఇంటికి తెచ్చినంక మెల్లగ ఒక్కో మాట రావట్టింది. "నీ..." అనంగనే నేను "నీళ్ళా బిడ్డా?" అని చెంబు తెచ్చేటోణ్ణి. "అ..." అంటే "అన్నమా? అమ్మనా?" అనేటోణ్ణి. నేను బడి మొకం చూడనోణ్ణి సహోదరులారా, ధాన్యం గంజ్‌ల హమాలి పని చేస్కుంట బస్తాల మీది అక్షరాలు చూసి సదువు నేర్చినోణ్ణి, మాటలంటే నాకు పానం, అందుకని బిడ్డకు రాని మాటలన్ని నేనే ఇద్దామనుకున్న. మాటలు నేర్పే డాక్టరమ్మ "పెద్దాయనా, మీరు అందియ్యకండి, ఆమెనే ఎతుక్కోవాలె" అన్నది. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల నాకు చెప్పొచ్చిందా అని మండిపడ్డ!

ఒకనాడు మన పాస్టరయ్య ఇంటికొచ్చి, "అమ్మా కరుణా, బాగున్నవా?" అని అడిగిండు. "బాగున్నదయ్యగారు, రెండు ఇడ్లీలు తిన్నది, గోడ పట్టుకొని నడుస్తున్నది" అని నేనే అందుకున్న. బిడ్డ ఎడమ చెయ్యితోని మంచం పట్టె మీద దబ్బున కొట్టింది.

"బాపూ! ఊకో!"

మా ఇంటామె "నలభై ఏండ్ల సంది నేను అనలేని మాట నా బిడ్డ అన్నది" అని కొంగు నోట్ల పెట్టుకొని నవ్వుకుంటనే ఏడ్సింది. పాస్టరయ్య కదులకుంట కూసున్నడు. చాన సేపటికి కరుణ అన్నది, "బాగ... లేను. అయినా... చర్చికి... వస్త."

దేవునికి స్తోత్రం! నా ప్రార్థనల రెండు ముక్కలుండె, ప్రభువు రెండూ ఇన్నడు!

అప్పుడు నాకొకటి యాదికొచ్చింది. కరుణ రెండో తరగతిల ఉన్నప్పుడు, నాకు ఒత్తులు రాకుంటే తనే నేర్పింది. అక్షరం కింద చిన్న వేలు పెట్టి, నేను సదివే దాక తియ్యకపోయేది, చెప్పకపోయేది గూడ. "చెప్పరాదే" అంటే "నువ్వే చెప్పు బాపూ, నేనుంట" అనేది. ఏడేండ్ల పిల్లకున్న ఓపిక డెబ్బై ఏండ్లోనికి లేకపాయె! అప్పటి సంది బిడ్డ మాట మొదలువెట్టంగనే నోట్ల నీళ్ళు పోస్కొని కూసుంటున్న, ఆమె మాట అయినంకనే మింగుత. డాక్టరమ్మ దగ్గరికి పోయి తప్పు ఒప్పుకున్న.

పూర్తిగ బాగైందని దేవుని ముందల అబద్ధమాడ. కుడి చెయ్యి ఇంకా వణుకుతది, పేర్లు మరుస్తది, డప్పు సప్పుడుకు తల నొస్తది, అందుకే ఇయ్యాల మీరు పాటలు మెల్లగ పాడిన్రు, మీకు వందనాలు. మీ ఇండ్లల్ల ఇట్ల పడిపోయినోళ్ళుంటే, దేవుడు ఆలస్యం చేస్తుండని అనుకోకున్రి. మనకు చాతనయ్యే దాక వేలు తియ్యకుంట కాసుకొని కూసుండేటోడు ఆయన, ఆయన్ని నమ్మున్రి!

ఇప్పుడు కరుణ ఒక్క వాక్యం సదువుతది. నడుమ ఆగుతది. మీకందరికి అది కంఠస్థమే, ఎవలన్న ఆగితే మందిరమంత ప్రేమతోని అందుకునుడు మన అలవాటే. ఇయ్యాల ఒక్కలు గూడ అందియ్యకున్రి. ఎంతసేపైనా సరే. దేవునికే మహిమ.

రా బిడ్డా. నా చెంబు నేను తెచ్చుకున్న, ఇగో, కూసుంటున్న.