ఉన్నానన్నాక ఉండాలి

వాన వెలిసిన సాయంత్రాల్లో మా ఆసుపత్రి వార్డు కిటికీలోంచి ఒక చప్పుడు వినిపిస్తుంది. వెనకాల బడి మైదానంలో ఎవరో అమ్మాయి తడి సిమెంటు మీద బంతి కొడుతూ ఉంటుంది. ఆ చప్పుడుతోపాటు తడిసిన రబ్బరు వాసన కూడా వచ్చినట్టే ఉంటుంది నాకు. అంత దూరం నుంచి రాదని తెలుసు. చేతిలో మందుల ట్రే అలాగే ఉంటుంది, నేను మాత్రం అనకాపల్లిలో, మా మహిళా కాలేజీ వెనక, బెల్లం వండే పొగ పల్చగా పరుచుకున్న ఒక ఉదయంలో నిలబడి ఉంటాను. ఆ పొగలోంచి, చీర కొంగు నడుముకు దోపి, తెల్ల కాన్వాసు బూట్లతో, మెడలో విజిలుతో నూకరత్నం మేడం నడిచి వస్తారు.

ఆవిడ మా బాస్కెట్‌బాల్ కోచ్. రోలుగుంట వైపు చెరుకు పండించే ఇంట్లో పుట్టి, చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు ఆడి, మా కాలేజీకి ఆటల టీచరుగా వచ్చారు. వచ్చేనాటికి అక్కడ కోర్టే లేదట. కంకర, తుమ్మముళ్ళు, మేసే గేదెలు. మొదటి జట్టు పిల్లలతో కలిసి ఆవిడే రాళ్ళు ఏరారట. నేను చేరింది రెండువేల సంవత్సరం దాటాక. అప్పటికి సిమెంటు పడింది, ఒక రింగు స్తంభం మాత్రం కొంచెం ముందుకు వాలి ఉండేది. “అది మనకి దణ్ణం పెడతందర్రా” అనేవారు. ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ మా కాలేజీ పెద్ద కప్పు ఏదీ గెలవలేదు. అయినా ప్రతి ఏడూ కొత్తగా చేరిన పిల్లల మధ్య, మందలో ఒక్క గొర్రె కూడా తప్పిపోకూడదన్నట్టు తిరిగేవారు. కాపరి అన్న మాట మా ప్రార్థన మందిరంలో విన్నప్పుడల్లా నాకు ఆ తెల్ల బూట్లే కనిపించేవి.

నేను ఎలమంచిలి నుంచి పొద్దుటి పాసింజరులో వచ్చేదాన్ని. నాన్న అక్కడ టైలరు, మా క్రైస్తవ సంఘంలో పెద్ద. మా ఇంట్లో ఆడపిల్ల గొంతు పాటలోనే పైకి లేవాలి, అదీ పదిమందితో కలిసి. కోర్టులోనూ నాది అదే అలవాటు. చుట్టూ ఎవరూ లేకుండా ఖాళీగా దొరికినా, చేతులు చాపి నోరు మూసుకుని నిలబడేదాన్ని. ఒకరోజు మేడం విజిలు ఊది ఆట ఆపేశారు.

“ఏటే కరుణా, నోరు ఇంటికాడ మర్సిపోయి వచ్చేవా?”

“ఖాళీగానే ఉన్నాను మేడం. బంతి ఉన్నమ్మాయి చూడలేదు.”

“బంతికి కళ్ళుంటాయేటి? నువ్వున్నావని దానికెవలు సెప్తారు?”

“నాకు, నాకు అని అరవమంటారా?”

“నాకు అనకు. అది అడుక్కోడం. ‘ఉన్నాను’ అను. ఒక్కసారే అను. అన్నాక అక్కడే ఉండు. ఉన్నానని పక్కకి జారిపోయేవనుకో, బంతెళ్ళి గేదె నెత్తి మీద పడతాది.”

అందరూ నవ్వారు. నేను కళ్ళు మూసుకుని అరిచాను. ఆ గొంతు నాది కానట్టు, పొగ అవతల నుంచి ఇంకెవరో పలికినట్టు వినిపించింది. కొన్నాళ్ళకు అది నాలుక మీద ఊరికే ఉండే మాట అయిపోయింది.

అలా ఉండబట్టే ఆ ఆదివారం అంత పని జరిగింది. ముందురోజంతా ఆడి అలసిపోయి, మందిరంలో ఆడవాళ్ళ వరసలో ముసుగు కింద కునుకు తీస్తున్నాను. కలలో బంతి ఎవరి చేతిలోనో ఉంది, నన్ను వెతుకుతోంది. వేదిక మీద పాస్టరుగారు గొంతెత్తి అడుగుతున్నారు: “ప్రభువు సేవకి బ్రతుకు ఇచ్చే బిడ్డ ఈ మందిరంలో ఉందా? ఉందా?”

నేను లేచి నిలబడి, కిటికీ రెక్కలు అదిరేలా “ఉన్నాను!” అన్నాను.

సంఘమంతా ఒక్కసారిగా స్తోత్రమంది. ఎవరో పెద్దమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ఏడవసాగింది. నేను పూర్తిగా మేలుకునేసరికి నన్ను సేవకు సమర్పించే ప్రార్థన సగం అయిపోయింది.

ఇంటికి వెళ్ళగానే నాన్నకు చెప్పాను. “నిద్దట్లో అనేసేను నాన్నా. అది ఆటలో మాట.”

“నిద్దట్లో ఉన్నోళ్ళనే పిలుత్తాడమ్మా ఆయన,” అన్నాడు నాన్న, మిషను మీద గుడ్డ సర్దుతూ. “సంఘం ముందర పలికేవు. ఎనక్కి తీసుకుంటావేటి?”

నేనూ ఆ విశ్వాసంలో పెరిగినదాన్నే. దేవుడు అలా పిలవడని ఎలా అనగలను? కానీ కాలేజీ మాన్పించి, వేసవి రాకముందే నన్ను దైవసేవ ట్రైనింగుకు పంపాలని నాన్న నిశ్చయించుకున్నాడు. నేను కోర్టుకు వెళ్ళడం మానేసిన వారానికి మేడం మా షాపుకు వచ్చారు. నాన్న స్టూలు తుడిచి వేశాడు.

“దేవుడి పని మేడంగారూ. ఆటలాడే ఈడు అయిపోనాది దానికి.”

“కాదని నేనెందుకంటాను బాబూ? మరి పిలిసినోడు ఎక్కడికి రమ్మన్నాడో సెప్పేడేటి?”

నాన్న చేతిలో కత్తెర కింద పెట్టాడు.

“మా ఆటలో అయితే, ఉన్నానన్న పిల్ల ఎక్కడుంటే అక్కడికే బంతి వత్తాది. పట్టుకెళ్ళి ఇంకో సోట నిలబెట్టేత్తే ఎలాగ? శనివారం మ్యాచి ఉంది. ఆ మాట మీ అమ్మాయి మెలకువగా ఉండి ఎలాగంటాదో ఓసారి ఇనండి. తరవాత మీ ఇష్టం.”

నాన్న వచ్చాడు. మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయి, తెల్లచొక్కాలో ఆ వాలిన స్తంభం పక్కన నిలబడ్డాడు. మ్యాచిలో నాకు మిగిలింది కొంచెమే: పలచని ఎండ, దుమ్ములో తేలుతున్న పిల్లల నీడలు, ఆఖరి క్షణాల్లో రింగు కింద ఖాళీగా దొరికిన నేను. “ఉన్నాను!” అన్నాను. నాన్న ఉలిక్కిపడి తలెత్తాడు. బంతి వచ్చింది. జారిపోకుండా అక్కడే ఉన్నాను కాబట్టి చేతికందింది. ఎగిరి వేస్తే, అంచుకు తగిలి బయటకు పోయింది. ఓడిపోయాం. మేడం వచ్చి నా తలమీది చెమట తన కొంగుతో తుడిచారు, అంతే.

ఎలమంచిలిలో రైలు దిగాక నాన్న అడిగాడు. “ఆ జెర్సీలు ఎవలు కుట్టేరు?”

“తెలీదు నాన్నా. ఎందుకు?”

“సంక కాడ బిగుతు. సెయ్యెత్తితే పట్టేత్తంది. అందుకే పోనాది బంతి.”

“మరి ట్రైనింగు?”

“అందరియీ అట్టుకురా. ఇప్పి కుడతాను.”

తరువాతి ఆదివారం పాస్టరుగారు అడిగితే, “మా పిల్ల ఉన్నానంది అయ్యగారూ. ఎక్కడుండాలో ఆయనే సెప్తాడు,” అన్నాడు. కొందరు ముఖం తిప్పుకున్నారు. నాన్న తల దించుకోలేదు.

డిగ్రీ అయ్యాక నర్సింగు చదివాను. మేడం రిటైరై రోలుగుంట వెళ్ళిపోయారు. కొన్నేళ్ళకు అక్కడే కన్నుమూశారు. ఆవిడ రాళ్ళు ఏరిన చోట ఇప్పుడు స్కూటర్లు నిలుపుతున్నారు. ఆ రోజు కునుకులో నన్ను పిలిచింది కలలోని బంతో, ప్రభువో, నాకింకా తెలియదు. ప్రార్థనలో అడుగుతూనే ఉంటాను. ఇవాళ కూడా కిటికీ దగ్గర నిలబడి అదే అడుగుతున్నాను. ఇంతలో చివరి మంచం మీది ముసలాయన, చూపు సరిగా ఆనక, గాలిలోకి చెయ్యి చాపి పిలిచాడు.

“సిస్టరమ్మా, ఎవలైనా ఉన్నారా?”

ఒక్కసారే అన్నాను. అని, ఆ చెయ్యి కిందికి వాలేలోపు అక్కడికి చేరాను.