పద్నాలుగో తారీఖు రాత్రి

ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఆ మాట "అవును". మా అమ్మకు చెప్పలేదు, నా భర్తకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరెవరో నాకు తెలియదు. ముందే చెప్పేస్తున్నాను, చదువుతూ నా మీద జాలిపడకండి. జాలి కోసం రాయడం లేదు. క్షమాపణ కోసం అసలే కాదు.

అప్పటికింకా రాష్ట్రం రాలేదు. గోదావరిఖనిలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో పనిచేసేదాన్ని. ఓనరు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. ఆయనకు మౌసు పట్టుకోవడం రాదు, పట్టుకున్నవాళ్లను తిట్టడం మాత్రం బాగా వచ్చు. విమానం టికెట్లన్నీ నేనే తీసేదాన్ని. దుబాయి, మస్కట్, కువైట్. ఎక్కేవాళ్లు వందలమంది, తీసే చేతులు రెండే.

ఆ పనిలో ఒక మెలిక ఉంది. సీటు వేరు, టికెట్ వేరు. విమానం వేళ మారితే కంపెనీ నుంచి సిస్టంలోకి కబురు వస్తుంది. బుకింగ్ తెరిచి కొత్త వేళను ఒప్పుకోవాలి. అప్పుడు సీటు కొత్త విమానంలోకి మారుతుంది. టికెట్ మాత్రం పాత విమానం మీదే ఉండిపోతుంది. దాన్ని విడిగా మార్చాలి. మార్చేదాకా తెర మీద ఒక ఎర్ర గీత కనిపిస్తూనే ఉంటుంది. కనిపించలేదని నేను అనను. కనిపించింది.

దానియేలు కాక మా నాన్నతో ఒకే బొగ్గు బాయిలో పనిచేశాడు. గని పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని, ముప్పై ఏళ్లు. ఆయన చిన్న కూతురు రూతు నర్సు చదివింది. కువైట్‌లో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. వీసా గడువు పదిహేనో తారీఖుతో అయిపోతుంది. ఆ లోపు అక్కడ దిగాలి. టికెట్ నేనే తీశాను. పద్నాలుగో తారీఖు, రాత్రి పది యాభైకి విమానం.

మూడు రోజుల ముందు వేళ మారింది. పన్నెండు నలభై అయింది. అంటే క్యాలెండర్ ప్రకారం పదిహేను. కొత్త వేళను ఒప్పుకున్నాను. కాకకు ఫోన్ చేసి, "పద్నాలుగు రాత్రే కాకా, పన్నెండు నలభైకి" అన్నాను. నేను కూడా కార్మికుల కాలనీలో పుట్టినదాన్నే. మా ఇళ్లలో తారీఖు అర్ధరాత్రి మారదు. పద్నాలుగున నైట్ షిఫ్టుకు దిగినవాడు తెల్లారి పైకి వచ్చేదాకా పద్నాలుగే. హాజరు మస్టర్ కూడా ఆ రోజుకే పడుతుంది. ఆ లెక్కలోనే చెప్పాను, ఆ లెక్కలోనే ఆయన విన్నాడు. ఇద్దరికీ సరిగ్గానే అర్థమైంది.

ఇక టికెట్ మార్చాలి. సిస్టం మార్చనివ్వలేదు, హైదరాబాదులో విమాన కంపెనీవాళ్లతో మాట్లాడమంది. ఫోన్ చేశాను. లైన్లో ఉండమన్నారు. ఉన్నాను. ఒకటే సంగీతం. అరగంట, ముప్పావుగంట. మధ్యాహ్నం మూడు దాటింది. ఆకలేసింది. ఫోన్ పెట్టేసి అన్నం తినడానికి పోయాను.

అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే చెప్పుకోవడానికి బాగుండేది. లేదు. తిరిగి వచ్చాక గుర్తులేదా? ఉంది. అంతకుముందు కూడా రెండు మూడుసార్లు ఇలాగే వదిలేశాను, ఎయిర్‌పోర్టులో వాళ్లే సరిచేసి ఎక్కించారు. ఈసారీ ఎక్కిస్తారులే అనుకున్నాను. ముగ్గురు చేయాల్సిన పని ఒక్కదాన్ని చేస్తున్నాను కదా, ఆ మాత్రం వాళ్లు చూసుకోలేరా అని కోపం కూడా వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. కానీ ఆకలి, కోపం కలిసి నా చేత ఫోన్ పెట్టించాయని రాస్తే అది సగం నిజం. పెట్టింది నేను.

ఈసారి ఎక్కించలేదు. "ఈ విమానం పదిహేనో తారీఖుది, మీ టికెట్ పద్నాలుగుది" అన్నారట రూతుతో. ఆ పిల్లకు అదే మొదటిసారి. బయటికి వచ్చి తండ్రికి అదే మాట చెప్పింది. మా ఆఫీసుకు ఫోన్ చేశారట, మూసిన షట్టర్ వెనకాల మోగింది.

పొద్దున ఆఫీసు తెరిచి కంప్యూటర్ పెట్టగానే చూశాను. ఆమె ఎక్కలేదు. ఎర్ర గీత అలాగే ఉంది. వాళ్లు రాకముందే నాకు మొత్తం అర్థమైపోయింది. ఆ రోజే కువైట్‌లో దిగే ఇంకో విమానం కోసం వెతికాను. ఒక్క సీటు లేదు. వెతికానని గొప్ప చెప్పుకోవడం లేదు, జరిగింది చెబుతున్నాను.

పది గంటలకు వచ్చారు. రూతు లోపలికి రాలేదు, ఆటోలోనే కూర్చుంది. కాక ఒక్కడే వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. నా మీద అరుస్తాడనుకున్నాను. అరిస్తే ఒప్పుకునేదాన్నేమో. ఒప్పుకునేదాన్నా? ఏమో.

"బిడ్డా, పన్నెండు దాటితే తారీఖు మారుతదట గద" అన్నాడు.

"మారుతది కాకా."

"అంటే టికెట్ల పద్నాలుగని ఉంటే మేం పదమూడు రాత్రే పోవాల్సిండె. నేను బాయి లెక్క చూస్కున్న. నైట్ షిఫ్టు లెక్క. నా లెక్కనే తప్పయింది, గంతేనా బిడ్డా?"

పక్క గదిలో ఓనరు ఉన్నాడు, తలుపు తెరిచే ఉంది. తప్పు నాదని తెలిస్తే ఆ పూటే పంపించేసేవాడు. మా నాన్నకు ఊపిరితిత్తుల జబ్బు, ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. ఇవన్నీ ఆ క్షణంలో ఆలోచించానా? లేదు. ఇవన్నీ తర్వాత పోగేసుకున్నాను.

"అవును కాకా" అన్నాను.

ఆయన తల ఊపాడు. "నీ మీద మాట రానియ్య, తియ్ బిడ్డా" అని బయటికి పోయాడు. ఆటోలో కూతురితో ఏదో చెప్పాడు. ఆ పిల్ల మొహం అటు తిప్పుకుంది. అద్దంలోంచి అంతా చూశాను. చూసి నా కుర్చీలోకి తిరిగొచ్చి ఆ బుకింగ్ రద్దు చేశాను. ఎర్ర గీత పోయింది.

ఓనరుకు ఇది మంచి నవ్వులాట అయింది. "మీ బావులోళ్ల తారీఖులు మీకే తెలియాలమ్మా" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఒక బోర్డు కూడా రాయించాడు: రాత్రి 12 దాటినచో తారీఖు మారును. రాసింది నేనే, ఎర్ర మార్కరుతో, గుండ్రటి అక్షరాలతో. నాలుగేళ్లు ఆ బోర్డు కింద కూర్చుని పనిచేశాను. కాక అప్పుడప్పుడు ఎవరినో వెంటబెట్టుకుని వచ్చేవాడు. బోర్డు చూపించి, "జర తారీఖు చూస్కొని పోండ్రి, నాలెక్క చెయ్యకుండ్రి" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. నేను టికెట్ ప్రింట్ తీసి ఇచ్చేదాన్ని.

నిజం చెప్తే మాత్రం రూతు ఉద్యోగం తిరిగొస్తుందా, వీసా ఎలాగూ పోయింది కదా, ఒక్క అబద్ధంతో కొత్తగా ఎవరికీ ఏమీ పోలేదు అని చాలాకాలం నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పోయింది. రూతు మంచిర్యాలలో ఒక ప్రైవేటు దవాఖానలో చేరింది. అక్కడే హాస్టల్లో ఉండిపోయింది. తండ్రితో మాట్లాడటం మానేసింది. పండగకు చర్చికి వస్తే తల్లి పక్కన కూర్చునేది, తండ్రి వైపు చూసేది కాదు. ఊరంతా ఆ పిల్లదే మొండితనం అనుకుంది. నేను కూడా అవునన్నట్టు తల ఊపాను. నాకు అలవాటైపోయింది కదా.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది కాక పోయాడు. సమాధుల తోటకు వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సిందా? అలా దాక్కునే రకాన్ని కాను, ఎదురుగా నిలబడే అబద్ధమాడినదాన్ని. పాస్టరు ప్రార్థన ముగించాడు. పెట్టె దింపారు. రూతు గుప్పెడు మట్టి తీసుకుని అంచున నిలబడి, అందరూ వినేటట్టు అన్నది.

"నాయినా, తారీఖు తప్పితివని ఇన్నేండ్లు నీతోని మాట్లాడకపోతి. నిన్ను మాఫ్ చేసిన నాయినా. మనసుల ఏం పెట్టుకోలే."

అందరూ ఏడ్చారు. నేను ఏడవలేదు. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద? పాస్టరు మీద, ఓనరు మీద, లైన్లో ఉండమన్న ఆ విమాన కంపెనీ మీద, నా మీద. ఎక్కువగా ఎవరి మీదో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ మట్టి పెట్టె మీద పడిన చప్పుడు విన్నాక అక్కడ ఉండలేక వచ్చేశాను.

ఆ రోజే నోరు తెరవాల్సింది అంటారు మీరు. తెరవలేదు. భయమని అనుకోండి, మీ ఇష్టం. ఇప్పుడు తెరుస్తున్నాను. ఇందులో మనుషుల పేర్లు మార్చాను, తారీఖు మాత్రం మార్చలేదు. ఆమె చదివితే గుర్తుపడుతుంది. నన్ను వెతుక్కుంటూ వస్తే తలుపు తీస్తాను. తిడితే వింటాను. దేవుడి దగ్గర మోకరించమంటే మాత్రం మోకరించను, ఇది దేవుడికీ నాకూ మధ్య జరిగిన విషయం కాదు. రాస్తుంటే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

రూతూ, ఆ మట్టి వేస్తూ నువ్వు ఇచ్చిన క్షమాపణ వెనక్కి తీసుకో. తప్పు చేయని మనిషికి దాంతో పని లేదు. నాకు ఇవ్వకు, ఇచ్చినా తీసుకోను. మీ నాయిన సరైన రాత్రే నిన్ను తీసుకెళ్లాడు. విమానానికి మూడు గంటల ముందే తీసుకెళ్లాడు.